బండెక్కిన కుక్క

బండి కింద నడిచే కుక్క, బండినంతా తానే మోస్తున్నాననుకుంటుందట! లేని గొప్పలు పోయేవాళ్లను ఎద్దేవా చేయడానికి పెద్దలు అనే మాట ఇది. నిజానికి ఆ కుక్క అంత తెలివితక్కువదేం కాదు. చెట్టు నీడ దొరకని రాయలసీమ దారుల్లో ఎద్దులబండి కింద ఉన్నంత చల్లటి చోటు ఇంకోటి ఉండదు. బండి కదిలితే నీడ కదులుతుంది, నీడతోపాటే కుక్కా కదులుతుంది. అంతే.

ఇప్పుడా కుక్క బండెక్కింది. వ్యాన్‌లోనే మంచం, పొయ్యి, నీళ్లట్యాంకు అమర్చుకుని, పెంపుడు కుక్కతో సహా ఊళ్లు తిరిగే సరదా మన దేశంలోనూ మొదలైంది. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకం కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది. అమెరికాలో ఈ ముచ్చట పాతదే. రచయిత జాన్ స్టయిన్‌బెక్ 1960లో చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని, ఇల్లులా కట్టించుకున్న ట్రక్కులో దేశం చుట్టి వచ్చాడు. రెండేళ్ల తర్వాత ఆ ప్రయాణం పుస్తకంగా వచ్చింది.

మరి అలాంటి బండి కడప, కర్నూలు దారుల్లోకి వస్తే?

ఇల్లు వెంటేసుకుని ఇక్కడ తిరగడం కొత్తేమీ కాదు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లోనే గండికోట చూశాడు. 1800లో నిజాం చేతి నుంచి ఈ జిల్లాలు ఈస్టిండియా కంపెనీకి దక్కాక, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో డేరాల్లో బస చేస్తూనే ఊరూరా తిరిగాడు. చివరికి 1827లో, మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ, పత్తికొండ దగ్గర కలరాతో కన్నుమూశాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరాడు. పల్లకీ, బోయీలు, డేరాలు, దాదాపు వందమంది పరివారం. కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీ వెళ్లి, మళ్లీ ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది.

వాళ్ల వెనక పెద్ద బలగం ఉంది. అదేమీ లేకుండా, కుక్కే తోడుగా ఇప్పటికీ ఈ దారుల్లో నడుస్తున్నవాళ్లు ఒకరున్నారు... గొర్రెల కాపరులు. మేత వెతుక్కుంటూ మందతో ఊళ్లు దాటి వెళతారు. రాత్రి ఎవరి పొలంలో మంద పడుకుంటే ఆ పొలానికి ఎరువు. తోడేలు, నక్క రాకుండా కాపలా కుక్కది. ఎండాకాలంలో చల్లపూట నడక, మిట్టమధ్యాహ్నం నీడపట్టున మకాం, పొద్దు వాలాక మళ్లీ నడక. కుక్కతో బయల్దేరే కారవాన్ యాత్రికుడు నేర్చుకోవాల్సిన టైమ్‌టేబుల్ ఇదే.

ఎందుకంటే కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూనే ఒంటి వేడిని దించుకోవాలి. చుట్టూ గాలే సెగలు కక్కుతుంటే ఎంత రొప్పినా లాభం ఉండదు. పైగా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో ఎక్కడ చూసినా నాపరాయే. ఇంటి గచ్చుకూ, కంచెకూ అదే. మే నెల మధ్యాహ్నం ఆ బండ పెనంలా కాలుతుంది. చెప్పుల్లేని మనిషి అడుగు పెట్టలేని చోట కుక్కను నడిపించడం ఏం న్యాయం? అరచేయి వెనక వైపును కాసేపు నేలకు ఆనించి చూడండి. మీరు భరించలేకపోతే అదీ భరించలేదు.

వేముల మండలం తుమ్మలపల్లె వైపు వెళితే ఇంకో జాగ్రత్త. యురేనియం గనితో దేశానికంతా తెలిసిన ఊరది. శుద్ధి కర్మాగారం వ్యర్థాల చెరువు చుట్టుపక్కల బోరు నీళ్లు పాడయ్యాయని పల్లెల వాళ్లు చాలాసార్లు ఫిర్యాదు చేశారు. తమవల్ల కాదని సంస్థ చెబుతూ వచ్చింది. ఆ తగువు ఎలా ఉన్నా, కుక్కకు తాగేనీళ్లు బండిలో ఉంచుకోవడం మంచిది. ఇక ఊరి పేరులోనే తుమ్మ ఉంది కదా... దిగినప్పుడల్లా పాదాల్లో ముళ్లు చూడాలి.

అసలు చిక్కు చూడాల్సిన చోట్లకు చేరాక మొదలవుతుంది. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే, సుమారు క్రీస్తుశకం 575 నాటి రాత దొరికింది కలమళ్ల చెన్నకేశవాలయంలో. కాలభైరవుడి వాహనమైనా సరే, కుక్కకు గుడిలోకి ప్రవేశం ఉండదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లోకీ జంతువులను తీసుకురాకూడదని నిబంధన. చిత్రమేమిటంటే గండికోట గోడల లోపలే ఊరుంది, ఆ ఊళ్లో మేకలూ ఉన్నాయి, కుక్కలూ ఉన్నాయి! బెలుం గుహలు చూద్దామన్నా అంతే. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో ఎంత తొందరగా తిరిగినా చాలాసేపు పడుతుంది.

అప్పుడే చాలామంది చేసే తప్పు... 'ఇప్పుడే వచ్చేస్తాం కదా' అని కుక్కను బండిలో వదిలి తాళం వేయడం. అమెరికాలో 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎండలో ఆపిన కారు లోపల వేడి గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే! అద్దం కొద్దిగా దించినా ఫలితం లేదు. బయటే 40 డిగ్రీలుండే సీమలో లోపలి సంగతి వేరే చెప్పాలా? ఆ బండి ఇల్లు కాదు, కొలిమి.

కాబట్టి లోపలికి వెళ్లేవాళ్లు వంతులు వేసుకోవాలి. ఒకరు కోట చూస్తుంటే ఇంకొకరు కుక్కతో చెట్టు కిందే. అలా బయట ఉండిపోయినవాళ్లు నష్టపోయేదేమీ లేదు. మేకలు తోలుకొచ్చిన అవ్వ పలకరిస్తుంది. కుక్క పేరడుగుతుంది. ఏ దొరువులో నీళ్లున్నాయో, ఏ బాట వాహనానికి పనికిరాదో చెబుతుంది. కోట గోడల మీద రాయని చరిత్ర అక్కడే వినిపిస్తుంది.

బండి ఎవరిదైనా, స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా, ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది కుక్కే. బండిని తానే మోస్తున్నానని అది అనుకుంటే... అనుకోనివ్వండి. అందులో కొంత నిజం ఉంది!