సోలార్ వాటర్ హీటర్ బేరం: తొమ్మిది వేలు తగ్గించినమని మురిసిపోకండి

ఈసారి పంట ముచ్చట కాదు, ఇంటి ముచ్చట. కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

మా వాడలో ఒక తమ్ముడు మొన్న వడ్ల పైసలు ఖాతాలో పడంగనే ఇంటి మీద వేడినీళ్ల సోలార్ పెట్టించిండు. 200 లీటర్లది. దుకాణపాయన 36 వేలు చెప్తే గంటసేపు కూసొని 27 వేలకు దించిండట. తొమ్మిది వేలు తగ్గించిన అని కనబడ్డోళ్లందరికీ చెప్పుకున్నడు. నేను అడిగింది మూడే మాటలు. లోపలి ట్యాంకు ఏ స్టీలు? అద్దం గొట్టాలు ఎంత లావు, ఎంత పొడుగు? పైపుల పని బిల్లులో కలిసి ఉందా? మూడింటికీ ఒకటే జవాబు: "కంపెనీదే అన్నా, మంచిదే."

మనకు బేరం రాదని నేను అనను. ఎద్దుల అంగడిలో తువ్వాల కింద వేళ్లు పట్టి బేరం చేసిన తాతల పిల్లలం. కానీ ఆ తాతలు వేలు పట్టేముందు ఏం చేసేటోళ్లు? నోరు తెరిచి పళ్లు చూసేటోళ్లు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా అని లెక్క. నాలుగడుగులు నడిపించి, గిట్టలు చూసి, వీలైతే బండికి కట్టి చూసి, అప్పుడు ధర మాట. ఇప్పుడు మనం దుకాణంలో ధర మాట ముందు మొదలుపెడుతున్నం, పళ్లు మాత్రం చూస్తలేం. తొమ్మిది వేలు తగ్గించిన దుకాణదారు ఆ తొమ్మిది వేలను తన జేబులోంచి తీయడు. స్టీల్లోంచి తీస్తడు, గొట్టంలోంచి తీస్తడు, పైపులోంచి తీస్తడు. నా అభిప్రాయం ఇదే: రూపాయి మీద బేరం తక్కువ, సరుకు మీద బేరం ఎక్కువ చేయాలి.

ఇది నేను పుస్తకం చదివి చెప్తలేను, దెబ్బ తిని చెప్తున్న. ఇప్పటిదాకా ఈ సంగతి ఇక్కడ రాయలేదు, సిగ్గనిపించి.

మా అమ్మ నాలుగింటికే లేచి కాగు కింద పత్తికట్టె మంట పెట్టేది. ఇంట్లో ఆరుగురం. పొగ అంతా ఆమె ఊపిరితిత్తులకే పోయింది. ఆయాసం మొదలైతే డాక్టరు, మందుల కంటే ముందు ఆ పొయ్యి బంద్ పెట్టుమన్నడు. అప్పుడు టౌనుకు పోయి 150 లీటర్ల ఫ్లాట్ ప్లేట్ సోలార్ తెచ్చిన. అంటే నల్లటి పలక, పైన అద్దం, లోపల సన్నటి రాగి గొట్టాలు ఉండే రకం. ఐదు వేలు తగ్గించిన అని నేను కూడా మురిసిన. మా ఇంటి నీళ్లు బోరువి. బిందె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లు. దుకాణపాయన మా నీళ్ల గురించి ఒక్క మాట అడగలేదు, నేను చెప్పలేదు. రెండో ఏడాదికి నీళ్లు గోరువెచ్చగా రావడం మొదలైంది. మూడో ఏడాది అసలు వేడే లేదు. విప్పి చూస్తే రాగి గొట్టాల్లో సున్నం రాయిలాగ పట్టి ఉంది. వారంటీ కార్డు పట్టుకపోతే, ఉప్పునీళ్లకు వారంటీ వర్తించదని వెనకవైపు సన్నటి అక్షరాలు చూపెట్టిండు. ఆ చలికాలం అమ్మ మళ్లీ కాగు ముందర కూసుంది. నాకు చెప్పకుండానే. పుష్యమాసంలో ఆయాసం ముదిరి నాలుగు రోజులు దవాఖానలో ఉన్నది. ఆ బిల్లు, నేను తగ్గించిన ఐదు వేలకు ఎన్ని రెట్లో రాయను.

అందుకే మొదటి మాట నీళ్లు. హీటర్ చూడకముందే మీ నీళ్లు చూడండి. సీసాలో పట్టుకపోయి పరీక్ష చేయిస్తే గట్టిదనం ఎంతుందో అంకె చెప్తరు. తాగే నీళ్లకు లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకుంటే 600 దాకా పర్వాలేదని భారత ప్రమాణం. మా బోరు ఆ 600 కూడా దాటింది. ఇలాంటి నీళ్లకు మామూలు ఫ్లాట్ ప్లేట్ పనికిరాదు. హీట్ ఎక్స్‌చేంజర్ ఉన్నది దొరుకుతది గానీ ధర ఎక్కువ. అద్దం గొట్టాల రకం, దాన్నే ఈటీసీ అంటరు, కొంత నయం. సున్నం అందులో కూడా పడుతది. కానీ గొట్టం లావు కాబట్టి తొందరగా మూసుకపోదు, ఊడదీసి కడుగొచ్చు, ఒకటి పగిలితే అది ఒక్కటే మార్చొచ్చు.

ఇంకో దారి ఉంది, అది మన కళ్ల ముందరే ఉన్నా తోచదు. మన ఊళ్లల్ల మిషన్ భగీరథ నల్లా వస్తది, గోదావరి, కృష్ణా నీళ్లు శుద్ధి చేసి పంపేవి. మా బోరు నీళ్లతో పోలిస్తే మా భగీరథ నీళ్లు చాలా మెత్తన. నేను రెండోసారి పెట్టించినప్పుడు హీటర్ కోసమే 500 లీటర్ల చిన్న ట్యాంకు వేరే పెట్టి, ఆ నల్లా నీళ్లు చిన్న మోటారుతో ఎక్కిస్తున్న. ట్యాంకు, మోటారు ఖర్చు అయింది. అయినా సున్నం పొర ఇప్పటిదాకా కనబడలేదు.

ఇక ఎన్ని లీటర్లది? దుకాణంలో అడిగితే ఎప్పుడూ మనకు కావాల్సిన దానికంటే పెద్దదే చెప్తరు. లెక్క మనమే వేసుకోవాలి. 60 డిగ్రీల నీళ్లు, 25 డిగ్రీల చల్లనీళ్లు కలిపి 40 డిగ్రీల బకెట్ చేస్తే, 20 లీటర్ల బకెట్‌కు వేడినీళ్లు తొమ్మిది లీటర్లు కూడా పట్టవు. అంటే 100 లీటర్లతో పదకొండు బకెట్లు. బకెట్‌తో పోసుకునే ఐదుగురి ఇంటికి 100 సరిపోతది. గిన్నెలకు, చుట్టాలకు కలిపి 150. షవర్ కింద నిలబడే అల్లుళ్లు ఉంటే 200 మాట ఆలోచించాలి.

కరెంటు గీజర్ నాలుగైదు వేలకు వస్తది కదా అనేటోళ్లకు కూడా లెక్క చెప్త. 100 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు కాగబెట్టాలంటే నాలుగు యూనిట్ల కరెంటు. రోజూ అంతా వాడే ఇల్లయితే సోలార్‌కు అర్థం ఉంది. ఇద్దరే ముసలోళ్లు ఉండి, చలికాలం రెండు నెలలే వేడినీళ్లు పోసుకునే ఇంట్లో నేనైతే సోలార్ పెట్టను. చిన్న గీజర్ చాలు. రేకుల ఇంటి మీద కూడా వద్దు, 200 లీటర్ల నీళ్ల బరువే 200 కిలోలు.

ఇప్పుడు పళ్లు చూసే పని. అద్దం గొట్టం అడుగు కొన చూడండి, వెండి రంగులో మెరవాలి. తెల్లగా పాలిపోయి ఉంటే ఆ గొట్టంలో గాలి చొరబడ్డట్టు. రెండు అద్దాల నడుమ గాలి లేకుండా ఉంటేనే వేడి నిలుస్తది, గాలి పోతే అది వట్టి సీసా. గొట్టం కొలత అడగండి. 58 మిల్లీమీటర్ల లావు, 1800 పొడుగు ఉన్నది మంచి కొలత. 47 లావు, 1500 పొడుగుది కూడా ఉంటది, చూపుకు తేడా తెల్వదు, ఎండ పట్టుడు మాత్రం మూడో వంతు తక్కువ. "ఇరవై గొట్టాలు అన్నా" అంటడు. ఏ ఇరవై అన్నది అడగాలి.

ట్యాంకు దగ్గర అయస్కాంతం తీసి చూపిస్తరు. "చూడు, అంటుకుంటలేదు, అసలైన 304 స్టీలు" అంటరు. తక్కువ రకం 202 స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు. కాబట్టి అది పరీక్ష కాదు. బిల్లు మీద గ్రేడు రాసి ఇవ్వమనడమే పరీక్ష. రాయడానికి చెయ్యి వెనక్కి తీస్తే మనకు జవాబు దొరికినట్టే. ఉప్పుశాతం ఎక్కువున్న నీళ్లకు 304 కూడా చిల్లులు పడుతది, 316 గానీ, లోపల ఎనామిల్ పూత ఉన్న ట్యాంకు గానీ చూసుకోవాలి. ఎనామిల్ దాంట్లో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటది. ట్యాంకు బదులు అది తింటబడుతది. అది అరిగినప్పుడల్లా మార్చాలి, మార్చకుంటే ట్యాంకు పోతది. ఈ సంగతి అమ్మేటప్పుడు నాకు ఒక్కరూ చెప్పలేదు.

సబ్సిడీ పేరుతో ఊళ్లల్లకు వచ్చేటోళ్ల గురించి కూడా రాయాలి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల దాకా ఇచ్చేది కరెంటు తయారుచేసే పలకలకు. వేడినీళ్ల హీటర్‌కు కాదు. "ముందు ఐదు వేలు కట్టండి, సబ్సిడీ వస్తది" అంటే పైసా ఇవ్వకండి. మనకు నిజంగా తగ్గింది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ వాటర్ హీటర్ మీద 12 శాతం ఐదుకు దిగింది. 25 వేల సరుకు మీద 1,750 రూపాయలు. దుకాణపాయన పాత ధర చెప్పి అందులోంచి రెండు వేలు "మీ కోసం" తగ్గిస్తే, ఆ రెండు వేలు మనవే మనకు ఇచ్చిండన్నట్టు.

రెండోసారి నేను బేరం ఎట్ల చేసిన్నో చెప్త. ఏప్రిల్‌లో పోయిన. ఎండలు మండుతుంటే వేడినీళ్ల హీటర్ ఎవడు కొంటడు? దుకాణంలో నేనొక్కణ్నే గిరాకి. చలికాలంలో పోతే, అందులో వడ్ల పైసలు పడ్డ వారమే పోతే, మన మొహం చూసే ధర చెప్తరు. రెండు దుకాణాల్లో కాగితం మీద విడివిడిగా రాయించుకున్న: హీటరు ఎంత, స్టాండు ఎంత, పైపులు ఎంత, ప్లంబరు కూలి ఎంత, బండి కిరాయి ఎంత. అట్ల రాయిస్తే తెలిసింది, మొదటి దుకాణంలో హీటర్ రెండు వేలు చౌక, పైపుల పని నాలుగు వేలు ఎక్కువ.

రెండో దుకాణంలో కూసున్న.

"సేటూ, హీటర్ ధర నువ్వు చెప్పిందే ఇస్త. ఒక్క రూపాయి తగ్గించమన" అన్న.

ఆయన అనుమానంగా చూసిండు. "మరి ఏం కావాలె కాకా?"

"రెండు గొట్టాలు ఎక్కువ ఇయ్యాలె. వేడినీళ్ల పైపు అంతా సీపీవీసీనే వెయ్యాలె, తెల్ల పీవీసీ నడవది. వానాకాలానికి కరెంటు కాయిలు పెట్టాలె. కోతులకు జాలి కొట్టియ్యాలె. రెండు వేలు నా దగ్గరే ఉంటయి, వారం రోజులు నీళ్లు కాగినంక ఇస్త."

జాలి దగ్గర కొంచెం గునిసిండు, పైసలు ఆపుకునుడు దగ్గర చాలా గునిసిండు. లేచి తువ్వాల భుజాన వేసుకున్న. "సరే కూసో కాకా, చాయ్ చెప్త" అన్నడు. లెక్క చూస్తే ఆరు వేల రూపాయల సరుకు, పని ఉత్తగనే వచ్చింది, స్టీలు మాత్రం తగ్గలేదు. అన్నిటికంటే ఆ రెండు వేలే పనిచేసినయి. మూడో రోజు ఒక జాయింటు కారితే ఫోన్ చేసిన సాయంత్రానికే ప్లంబరు వచ్చిండు. పైసలన్నీ ముందే ఇచ్చిన మొదటిసారి, ఇదే పనికి పదిహేను రోజులు ఫోన్ ఎత్తలేదు.

పెట్టిచ్చేటప్పుడు రెండు మాటలు. హీటర్‌కు వచ్చే చల్లనీళ్ల ట్యాంకు దానికంటే ఎత్తులో ఉండాలి. ఇంటి వెనక దూరంగా ఉన్న స్నానాల గదికి 60 అడుగుల పైపు వేస్తే, ప్రతిసారీ దాదాపు ఐదు లీటర్లు చల్లగా వచ్చినంకనే వేడివి వస్తయి, కాబట్టి ఏ గోడ మీది నుంచి పైపు దిగాలో మీరే చూపెట్టండి, ప్లంబరుకు వదిలిపెట్టకండి. ఇంకోటి, పైన ట్యాంకు ఎండిపోయి గొట్టాలు ఖాళీగా కాగి ఉన్నప్పుడు మిట్టమధ్యాహ్నం మోటారు వెయ్యొద్దు, చల్లనీళ్లు తగలంగనే పటపట పగులుతయి. పొద్దున గానీ పొద్దుగూకినంక గానీ నింపాలి. నేను ఉత్తగ తెచ్చుకున్న రెండు గొట్టాల్లో ఒకటి అట్లనే ఖర్చయింది, తప్పు నాదే.

ముసురు పట్టిన రోజుల్లో నీళ్లు కాగవు. కాయిలు వేసుకోవాలి, ఆ కరెంటుకు పైసలు కట్టాలి. "జీవితాంతం ఉచితం" అనే బోర్డు నమ్మకండి. అమ్మ మాత్రం ఇప్పుడు ఆరింటికి లేస్తున్నది. కాగు బోర్లించి దాని మీద కోళ్ల గంప పెట్టింది.

ఆ తమ్ముడి ఇంటి మీదికి నిన్న టేపు పట్టుకొని ఎక్కిన. గొట్టాలు 47, పొడుగు 1500. బిల్లు మీద వట్టి "సోలార్ 200" అని రాసి ఉంది, కొలత లేదు, స్టీలు లేదు. కాకపోతే దుకాణపాయన వాట్సాప్‌లో పంపిన కొటేషన్ ఫోటో తమ్ముడి ఫోన్లో ఇంకా ఉంది, అందులో 58 అని స్పష్టంగా ఉంది. రేపు పొద్దున ఇద్దరం ఆ ఫోన్, ఒక గొట్టం పట్టుకొని పోతున్నం. ఏమైందో సాయంత్రం రాస్త.