మందు కంటె ముందు రోగనిర్ణయము

నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద వరి పండించు గరిడేపల్లి, మిర్యాలగూడ ప్రాంతములలో నడుము వంచి నాట్లు వేయువారికి కీళ్ళు వాచుట వింత కాదు. కొందరిది శ్రమవలన గలిగిన అరుగుదల. కొందరిది దేహరక్షణవ్యవస్థయే తన కీళ్ళపై తిరుగబడుటచే పుట్టిన శోథ. అయినను ఇరువురికిని తఱచుగా దక్కునది ఒకే స్టెరాయిడు సూది. ప్రోటీనును పేరుపెట్టి వెదకి నిర్మూలించు మందులు సిద్ధమగుచున్న కాలమున, రోగము పేరైనను తెలియక మందు వేయుట ఎంతటి వెనుకబాటు!

ఇన్నాళ్ళును అనేక ఔషధములు దోషకారియగు ప్రోటీను పనిని అడ్డుకొనుటతో సరిపెట్టుకొన్నవి. 2001లో శాస్త్రజ్ఞులు క్రెయిగ్ క్రూస్, రేమండ్ డిషేస్‌ల బృందములు చూపిన త్రోవ వేఱు: మందు ఒక కొనతో ఆ ప్రోటీనును, రెండవ కొనతో కణములోని ఒక ఎంజైమును పట్టి రెంటిని చేరువ చేయగా, ప్రోటీనుపై యుబిక్విటిన్ అను ముద్ర పడును, ముద్రపడినదానిని ప్రోటియసోమ్ ఖండఖండములు చేయును, మందు మాత్రము విడివడి మరియొకదానిని పట్టును. శోథకు సందేశము మోయు ఐరాక్-4 అను ప్రోటీను ఎంజైముగా పని చేయుటయే కాక, ఇతర ప్రోటీనులు కూడుటకు ఆధారముగను నిలుచును. నిరోధకము మొదటి పనినే ఆపును, నిర్మూలనము రెండింటిని తొలగించును. ఈ తరగతి మందులు ఇప్పటికే మానవులపై పరీక్షింపబడినవి.

అయితే ఈ శక్తి రెండంచుల ఖడ్గము. 1960ల నడుమ జెరూసలేములో జేకబ్ షెస్కిన్ అను వైద్యుడు నిద్రకై ఇచ్చిన థాలిడోమైడు కుష్ఠురోగులలోని తీవ్రశోథను అణచెను. అంతకుమునుపే ఆ మందు గర్భిణులు సేవింపగా వేలాది శిశువులు వికలాంగులై పుట్టిరి. అది యుబిక్విటిన్ ముద్ర వేయు ఎంజైములో భాగమగు సెరెబ్లాన్‌ను పట్టునని 2010లో తెలిసెను. దానిని ఆశ్రయించి సాల్4 అను ప్రోటీను నిర్మూలితమగుటయే ఆ విషాదమునకు ప్రధానకారణమని 2018లో తేలెను. ఆ వంశములోనిదే, రక్తపు క్యాన్సరుకు వాడు లెనలిడోమైడు. హైదరాబాదు నాట్కో సంస్థ తయారుచేసిన దాని జెనరిక్ 2022లో అమెరికా విపణికి చేరెను.

సముద్రములు దాటించి మందు పంపగల రాష్ట్రమునకు, సూర్యాపేట ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలో వారమునకొక దినము కీళ్ళవాతమునకు కేటాయించుట, కోదాడ, గరిడేపల్లి నుండి వచ్చువారికి రక్తపరీక్షలు ఉచితముగ చేయించుట అసాధ్యము కాదు. యెల్లాప్రగడ సుబ్బారావు మార్గదర్శనము చేసిన లెడర్లీ పరిశోధనశాల నుండి వెలువడిన, కీళ్ళవాతమునకు వాడు మెథోట్రెక్సేటు చౌకగా లభించుచునే యున్నది. దానినైనను వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలతోనే వాడవలయును. కొత్త మందులు రానిండు, అప్పుడు చూతమనుట తగదు. తెలిసి తొలగించు మందు తెలియక వేయు చేతిలో పడినచో నష్టమే అధికము. కాబట్టి ఆ మందులు రాకముందే రోగము గుర్తించు వైద్యుని గ్రామమునకు చేరువ చేయుటయే ప్రభుత్వపు తొలి కర్తవ్యము.