మన రంగు ఎవరికి అడ్డం?



బందరు, గుడివాడ బజార్లలో చీరల కొట్ల బోర్డులు చూడండి. 'సహజ అందం' అంటారు. వెనక వరిచేను చూపిస్తారు. ముందు నిలబడ్డ పిల్ల కాళ్ళకి బురదుండదు, ఒంటికి ఎండ తగిలిన గుర్తుండదు. చేలో చాకిరీ మనది, బొమ్మలో మన మొహం లేదు.

పెడన కలంకారీ సంగతీ అంతే. కరక్కాయ నీళ్ళలో గుడ్డ ముంచి, అచ్చులద్ది, ఉడకేసి, కాలవలో జాడించే చేతులు ఎండకి మాడతాయి. ఆ చీర కట్టి ఫొటోకి నిలబడే పిల్ల మాత్రం తెల్లగానే ఉండాలంట!

1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు దివిసీమ పేదాడోళ్ళు పేపర్లకెక్కారు. ఏడుస్తూ, శవాలై. ముస్తాబు లేని ఫొటో మనకి దక్కింది చావులోనే.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, బుద్ధి మారిందా? మా బడిలో గ్రూపు ఫొటో అంటే నల్లపిల్లలు ఇప్పటికీ వెనక వరసలోకి జారుకుంటారు. ఆ సిగ్గు వాళ్ళది కాదు, నేర్పినోళ్ళది.

సెల్లు మన చేతిలోనే ఉంది. నాటేసి గట్టెక్కిన అక్కని అడిగి, ఆమె సరేనంటే ఉన్నదున్నట్టు ఫొటో తీద్దాం. సంఘం గోడకి పెడదాం. ముందు మన పిల్లలు చూడాలి.

జై భీమ్!