పలుచని పూత, చవక యంత్రం



శుక్రవారం మదరసాకు సెలవు. ఆ ఉదయం బుక్కపట్నంలోని మా తమ్ముని ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో యంత్రపు రొద వినిపించింది. మా తమ్ముని కుమారుడు తన ముదురు నీలిరంగు కారుకు మెరుగు పెడుతున్నాడు. పుట్టపర్తికి, ధర్మవరానికి బాడుగలు తిరిగి ఆ ఇంటిని పోషిస్తున్న బండి అది. దానిని అమ్మి కాస్త పెద్ద బండి కొనాలని అతని సంకల్పం. మరునాడే ఒకరు చూడటానికి రానున్నారు. పాలిష్ పనికి దుకాణంలో అడిగిన సొమ్ము అధికమనిపించి, ఇనుప తలుపులు చేసే పొరుగువారి వద్ద గ్రైండర్ అడిగి తెచ్చి, దానికి ఉన్ని చక్రం తగిలించాడు.

"బడే అబ్బా, గంటలో కొత్త బండి చేసి చూపిస్తాను" అన్నాడు. అంతసేపు పట్టలేదు. పది నిమిషాలలోనే బానెట్ అంచున నీలిరంగు లేచిపోయి, అరచేయంత బూడిదరంగు మచ్చ బయటపడింది.

పిల్లవాడు శ్రద్ధగానే చేశాడు. కాని అతడు చేపట్టిన పనిముట్టు ఆ పనికి తగినది కాదు. మన పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద 2019 నుండి కియా కార్లు తయారవుతున్న సంగతి పాఠకులకు తెలుసు. కార్ల కర్మాగారాలలో రేకుకు మొదట తుప్పును నిరోధించే పూత, దానిపై రంగు, అన్నిటికీ పైన రంగులేని పారదర్శక పూత వేసి, వేడి గదులలో గట్టిపరుస్తారు. మనకు కనిపించే నిగనిగ ఆ చివరి పూత వలన కలిగేదే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక కన్నా పలుచన. మెరుగు పెట్టడమంటే ఆ పూతనే రవ్వంత అరగదీసి, గీతల అంచులను చదును చేయడం. అరిగిపోయినది తిరిగి రాదు. అంచుల వద్ద, మడతల వద్ద అది త్వరగా అరిగిపోతుంది.

ఇనుమును కోసే చిన్న గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. కార్లకు వాడే రోటరీ పాలిష్ యంత్రానికి 600 నుండి 3,000 చుట్లు చాలు. అది కూడా అనుభవజ్ఞుల చేతిలో ఉండవలసినదే. ఇంటివారికి తగినది మూడవ రకం. దాని చక్రం ఒకేచోట గిరగిర తిరగక, చిన్న చిన్న వలయాలుగా ఊగుతూ సాగుతుంది. చవకగా దొరికే ఈ యంత్రాలకు బలం తక్కువ. గట్టిగా అదిమితే చక్రం నిలిచిపోతుంది. చాలామంది దీనిని లోపంగా భావిస్తారు. కొత్తవారికి మాత్రం ఆ బలహీనతే రక్ష. మైనం సమంగా పట్టించడానికి, మసకబారిన పూతకు కొంత కళ తేవడానికి అది సరిపోతుంది. లోతైన గీతలను మాన్పడం దానివల్ల కాదు. గోరు అడ్డంగా గీచినప్పుడు తట్టుకుంటే, ఆ గీత పాలిష్‌తో పోయేది కాదని గ్రహించాలి.

ఇంట ఈ పని చేయదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మన ప్రాంతంలో వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. పొడి గుడ్డతో దుమ్ము తుడవడం వల్లనే సన్నని గీతలు అనేకం పడతాయి. కనుక ముందుగా నీళ్లు పోసి ఇసుక రేణువులను జార్చి, పిదప షాంపూ నీటితో కడగాలి. బోరునీళ్లు ఎండితే తెల్లని మరకలు మిగులుతాయి. వెంటనే మెత్తని గుడ్డతో తడి అద్దాలి. నీడలో, రేకు చల్లబడిన తరువాతనే పని మొదలుపెట్టాలి. అంచులకు, రబ్బరు భాగాలకు కాగితపు టేపు అంటించాలి. స్పాంజి చక్రంపై నాలుగు చుక్కల పాలిష్ వేసి, యంత్రాన్ని రేకుకు ఆనించిన పిమ్మటే మీట నొక్కాలి. ముందుగా ఒక మూల జానెడు చోట పరీక్షించి చూడాలి. ఒకేచోట ఆపక, అదమక, నెమ్మదిగా నడపాలి. చక్రం నేలపై పడితే శుభ్రంగా కడగకుండా మళ్లీ వాడరాదు. అంటిన ఒక్క ఇసుక రేణువు బండి అంతటా గీతలు గీస్తుంది. కళ్లద్దాలు ధరించాలి, తీగను భుజం మీదుగా వేసుకోవాలి, తడినేలపై నిలబడరాదు.

మా తమ్ముని కుమారుని కథకు వద్దాం. మచ్చను చూసి కాసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత, "నీలిరంగు కొంచెం అద్ది, మీద మైనం దట్టిస్తాను. వచ్చేవారిని సాయంత్రం వెలుగు తగ్గాక రమ్మంటాను. ఏమంటారు, బడే అబ్బా?" అని మెల్లగా అడిగాడు.

మైనం గీతలలో నిండి వాటిని కొన్నాళ్లు కప్పుతుంది. నాలుగు కడుగులకు కరిగిపోయి లోపలిది మళ్లీ బయటపడుతుంది. బండిని శుభ్రం చేసి మెరిపించి అమ్మడంలో దోషం లేదు. తెలిసిన లోపాన్ని మెరుపుతో మరుగుపరచడం వేరు. మేము విద్యార్థులకు బోధించే క్రయవిక్రయాల పాఠంలో ఇది స్పష్టంగా ఉంది: లోపాన్ని దాచి అమ్మితే, అది బయటపడిన నాడు సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉంటుంది. "కొన్నవారు కూడా నీవలె బాడుగలు నడిపి ఇల్లు గడుపుకునేవారే కావచ్చు కదా, బేటా" అని మాత్రం అన్నాము.

అతడు బదులు పలకలేదు. గ్రైండర్‌ను తిరిగి ఇచ్చివచ్చాడు. మిగిలిన బండికి చేతితోనే మైనం పట్టించాడు. మరునాడు పట్టపగలు వచ్చిన మనిషికి తానే బానెట్ అంచును చూపించాడు. ఆయన వంగి మచ్చను వేలితో తడిమి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు. వెనుక తలుపుపై ఉన్న పాత సొట్టను కూడా చూపించాడు. బానెట్‌కు రంగు వేయించే ఖర్చు మేరకు ధర తగ్గింది. బేరం కుదిరింది.

సాయంత్రం డబ్బు లెక్కపెడుతూ, "ఆ గంట ఓపిక పట్టి ఉంటే ఈ సొమ్ము మిగిలేది" అన్నాడు. నిజమే. అయితే ఆ రాత్రి ఫోను మోగినప్పుడు అది ఎవరిదోనని అతడు ఉలిక్కిపడలేదు.