శివగామి ఒక్క మాట ఎందుకు అడగలేదు?

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2015 జూలై 10న మొదటి భాగం విడుదలైన నాటినుంచి 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా దేశమంతా ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఊగిపోయింది. మా కాజీపేట జంక్షన్లో బల్లార్షా వైపు బండి కోసం కూచున్నవాళ్ళూ, బెజవాడ వైపు బండి కోసం కూచున్నవాళ్ళూ ఊరూ పేరూ అడక్కుండానే ఇదే ముచ్చట పెట్టుకున్నారు. చివరికి జవాబు వచ్చింది. రాజమాత శివగామి చంపమంది, కట్టప్ప చంపాడు. హమ్మయ్య అనుకుని అందరూ ఇళ్ళకు పోయారు.

నాకు మాత్రం అసలు చిక్కు అక్కడే మొదలైనట్టు తోచింది. మరి ఆవిడ ఎందుకు చంపమన్నట్టు?

2025 అక్టోబరు 31న రెండు భాగాలూ కలిపి ఒకే సినిమాగా విడుదల చేశారు గదా. మూడున్నర గంటల పైచిలుకు అది చూసొచ్చాక మా ఇంట్లో పాత తగువు మళ్ళీ లేచింది. "ఆమె మంచిదా చెడ్డదా, ఏదో ఒకటి చెప్పమ్మా" అంటారు పిల్లలు. పిల్లల తప్పేముంది? చంకలో పసిబిడ్డతో నిండు సభలో తిరుగుబాటు అణచిన మనిషి ఆవిడ. ఇద్దరు పసివాళ్ళకూ తన పాలే ఇచ్చి పెంచింది. కాలకేయుల యుద్ధంలో శత్రునాయకుణ్ణి చంపింది కన్నకొడుకు భల్లాలదేవుడైనా, అడ్డుగా నిలబెట్టిన ప్రజల్ని కాపాడినవాడు బాహుబలి కాబట్టి రాజ్యం అతనికే అన్నది. అంత తూకం తెలిసిన మనిషి, అదే పెంపుడు కొడుకును నిలదీసి ఒక్క మాటైనా అడక్కుండా చంపమని ఎలా చెప్పింది? రమ్యకృష్ణ కళ్ళెర్రజేసి నిలబడితే మనకు ఆ అనుమానం రాదు. ఇంటికొచ్చి అన్నం వడ్డించుకునేటప్పుడు వస్తుంది.

కథ రాసిన విజయేంద్రప్రసాద్ గారు ఈ ముడిని బాకు దగ్గర వెయ్యలేదు. చాలా ముందు, పెళ్ళి సంబంధం దగ్గర వేశారు. కుంతల రాజకుమారి దేవసేన చిత్తరువు భల్లాలదేవుడు చూశాడు. తమ్ముడు ఆమెను ప్రేమిస్తున్నాడని అతనికి తెలుసు, తల్లికి తెలీదు. ఆ పిల్లనే నీకు చేస్తానని తల్లి మాట ఇచ్చేసింది. ఎందుకంత తొందర? రాజ్యం తీసి తమ్ముడికిచ్చిన తల్లి ఆవిడ. న్యాయం చేసిందిగానీ కన్నకొడుకు చెయ్యి ఖాళీగానే ఉంది. నోరు తెరిచి అతను కోరిన మొదటి కోరిక ఇది. ఏ తల్లి కాదంటుంది చెప్పండి? ఒక కొడుక్కి పొలం రాసిచ్చి, రెండోవాడికి ఏమివ్వాలా అని ఇల్లంతా వెతికే తల్లులు మనకు తెలీనివాళ్ళా?

ఈ కథలో ఇవ్వబోయింది నగలూ నట్రా కాదు, ఒక ఆడపిల్లని. ఆ పిల్లను అడగలేదు. కానుకలు పంపి, పెళ్ళి ఖాయమన్నట్టు కబురు పెట్టింది. దేవసేన పౌరుషం గల పిల్ల, తిప్పికొట్టింది. అక్కణ్ణుంచి శివగామికి అది సంబంధం విషయం కాకుండా పోయింది, పరువు విషయమైంది. బంధించి తెమ్మని బాహుబలికి ఆజ్ఞ పంపింది. అతనేమో ఆమె మానమర్యాదలకు తనది పూచీ అని అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు. సభలో తల్లి మాటా కొడుకు మాటా ఎదురుపడ్డాయి. పిల్లను అడక్కుండా మాటివ్వడం తప్పని, తను నేర్పిన ధర్మమే కొడుకు తనకు అప్పజెప్పాడు. అన్ని సంవత్సరాల్లో అతను ఎదురు చెప్పడం అదే మొదలు. సింహాసనమో దేవసేనో ఏదో ఒకటి తేల్చుకోమంటే దేవసేన అన్నాడు.

ఇక్కడ మా అత్తమ్మ శివగామి పక్షం. "ఇచ్చిన మాట ఎట్ల తప్పుతది బిడ్డా? రాజమాతే గాదు, మామూలు తల్లయినా తప్పొద్దు" అంటుంది. అలా అంటుంటే మా ఆడబిడ్డ లేచి వంటింట్లోకి పోయింది. ఆమె సంబంధం కూడా ఇంట్లో పెద్దలు మాట ఇచ్చేశాక ఆమెకు తెలిసింది. కాపురానికేం లోటు లేదు. ఏటా బతుకమ్మకు వస్తుంది, తొమ్మిది రోజులూ ఉంటుంది. ఆ రోజు మాత్రం పొయ్యి దగ్గర నిలబడి, "వదినె, దేవసేన అడిగింది గదా, నాకప్పుడు నోరు రాలే" అన్నది. కథలో ముడి ఎక్కడుందో నాకు విడదీసి చెప్పింది ఆ మాటే.

ఓరుగల్లు కోట మాకు కూతవేటు దూరం కాబట్టి ఇంకో మాట చెప్పాలి. గణపతిదేవుడు కూతుర్ని వారసురాలిగా నిలబెట్టాడు. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు పేరుతో తనే ఏలింది. సామంతులు తిరగబడితే అణచింది. ఆమెకు బిరుదూ గద్దె తనవే. శివగామికి ఆ ధీమా లేదు. ఆమె నోట వచ్చిందే చట్టమని రాజ్యమంతా అంటుందిగానీ, గద్దె పిల్లలది. వాళ్ళు ఎదిగేదాకా కాపలా ఆమెది. అరువు తెచ్చుకున్న అధికారానికి మాట ఒక్కటే పెట్టుబడి. దాన్ని వెనక్కి తీసుకుంటే చేతిలో ఏమీ మిగలదని భయపడ్డదేమో అని నా ఊహ.

ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో రాసిన మూడు నవలలు, 'ది రైజ్ ఆఫ్ శివగామి' (2017), 'చతురంగ' (2020), 'క్వీన్ ఆఫ్ మాహిష్మతి' (2021), చదివినవాళ్ళకు చిక్కు ఇంకో మెలిక పడుతుంది. అందులో శివగామి తండ్రి దేవరాయను రాజద్రోహి అని మాహిష్మతి రాజ్యమే చంపిస్తుంది. పసిపిల్లగా అది చూసిన శివగామి మాహిష్మతిని నాశనం చేస్తానని పంతం పడుతుంది. ఆ పిల్లే ఈ రాజమాత ఎలా అయిందని తల పట్టుకుంటారు. సినిమాలో ఆ పంతం ఊసే లేదు, రెంటినీ బలవంతంగా కుట్టెయ్యక్కర్లేదు. కాకపోతే తండ్రి మీద వేసిన ముద్రే కొడుకు మీద ఆవిడ వెయ్యడం మాత్రం ఒళ్ళు జలదరించే సంగతి.

ఆ తరవాత కథ గబగబా నడుస్తుంది. సేనాపతి పదవి ఊడింది. గుళ్ళో ఆడవాళ్ళ మీద చెయ్యి వేసినవాడి వేళ్ళు దేవసేన నరికింది. సభలో బాహుబలి వాడి తలే తీశాడు. భార్యాభర్తల్ని కోటలోంచి వెళ్ళగొట్టారు. బిజ్జలదేవుడు పాపం కుమారవర్మను ఉసిగొల్పి రాత్రివేళ కోటలోకి రప్పించాడు, చంపించాడు. బాహుబలి కుట్రకు ఇదే రుజువన్నారు. అప్పటికే మనసు విరిగి ఉన్న తల్లికి ఆ రుజువు చాలింది.

గమనించారా, అంతకుముందు ప్రతి తీర్పూ నిండు సభలో చెప్పింది. దేవసేన కూడా సభలో నోరు విప్పి మాట్లాడగలిగింది. ఈ ఒక్క తీర్పే చాటుగా చెప్పింది. బయటపెడితే ప్రజలు తిరగబడతారని, అంతర్యుద్ధం వస్తుందని కారణం. సభ లేదు గనక ఎదురు చెప్పేవాడూ లేడు. ఒక్క కట్టప్ప బతిమాలాడు. నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తానంది. కన్నతల్లికంటే ఎక్కువగా పెంచిన చేతికి ఆ నెత్తురు అంటకూడదని అతను ఒప్పుకున్నాడు. భీష్ముడి ప్రతిజ్ఞ భీష్ముడు తనే చేసుకున్నాడు. కట్టప్పది తాతముత్తాతలు చేసిపెట్టిన ఒట్టు. కత్తుల వర్తకుడు అస్లంఖాన్ స్వేచ్ఛ ఇప్పిస్తానన్నా తీసుకోలేదు. నవలల్లో అతని తమ్ముడు శివప్ప ఆ ఒట్టును తెంచుకోవాలని తపించిపోతాడు. నాకు ఆ తమ్ముడి మీదే జాలి ఎక్కువ.

నిజం తెలిసిన మరుక్షణం శివగామి ఏం చేసిందో చూడండి. బిడ్డను ఎత్తుకుని కోట బయట జనమందరికీ చూపించి, మహేంద్ర బాహుబలి రాజు అని ప్రకటించింది. మళ్ళీ పదిమంది ఎదుట నిలబడ్డాక పాత శివగామి తిరిగొచ్చింది. బాణం తగిలి ఏట్లో కొట్టుకుపోతూ కూడా బిడ్డను నీళ్ళపైన చెయ్యెత్తి నిలబెట్టిన మొదటి భాగం దృశ్యం అప్పుడు అర్థమవుతుంది.

పిల్లలకు మంచిదనీ చెప్పలేదు, చెడ్డదనీ చెప్పలేదు. ఈసారి చూసేటప్పుడు కత్తి పోటు దగ్గర కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు, చిత్తరువు వచ్చే చోట తల్లి ముఖం మాత్రం వదలకండి అన్నాను. మీరూ చూడండి. మా అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు.