డైనమో చెడిందని ఎవరు నిర్ణయించారు?

పాత సైనిక జీపులను ముచ్చటపడి పోషించుకొనేవారిలో ఒక ఆచారం బాగా ప్రబలింది. బ్యాటరీకి ఛార్జింగు ఎక్కడం లేదనగానే డైనమోను ఊడదీసి పాత ఇనుము కొట్టుకు తూకానికి వేయడం, దాని స్థానంలో ఏదో ఒక కారు ఆల్టర్నేటరును బిగించుకోవడం. రోగమేమిటో తెలుసుకోకుండా అవయవాన్ని తీసివేసే ఈ వైద్యం నాకు సమ్మతం కాదు. తెలుగు పండితుడికి డైనమోతో ఏమి పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు పద్యాల అన్వయం చెప్పినవాణ్ణి. కర్త ఎవరో చూడకుండా క్రియను దిద్దబోయేవారిని చూస్తే ఊరకుండలేను.

నేను ప్రస్తావిస్తున్నది రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపు. 1941-45 మధ్య విల్లీస్, ఫోర్డు సంస్థలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసిన బండి అది. దాని విద్యుత్తు 6 వోల్టులు. ఆ తరువాత వచ్చిన ఎం38 జీపుకు 24 వోల్టులు. కనుక 'మిలిటరీ జీపు' అన్న ఒక్క మాట పట్టుకొని ఒక బండి అంకెలను మరొక బండికి అంటగట్టరాదు. 6 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉండి విశ్రాంతిలో ఉన్నప్పుడు మీటరు సుమారు 6.3 చూపుతుంది. ఇంజను కాస్త వేగంగా తిరిగేటప్పుడు అది 7.2 ప్రాంతానికి చేరాలి. చేరలేదా, అప్పుడే వెతుకులాట మొదలుపెట్టాలి. అంతకుముందు కాదు.

మా మేనల్లుడి వద్ద అటువంటి జీపు ఒకటి ఉంది. సైన్యపు పచ్చరంగు కొత్తగా వేయించి మురిసిపోతున్న నెలలోనే ఛార్జింగు ఆగిపోయింది. ఆమ్మీటరు ముల్లు కదలదు. ఒక మెకానిక్కు డైనమో పోయిందన్నాడు. మరొకడు రెగ్యులేటరు పోయిందన్నాడు. కొత్త రెగ్యులేటరు తెప్పించి బిగించినా ముల్లు ఉలకలేదు, పలకలేదు. ఇక ఆల్టర్నేటరే గతి అని డబ్బు కూడగట్టుకుంటుండగా, వయసు మళ్ళిన ఆటో ఎలక్ట్రీషియను ఒకాయన వచ్చి ముందు బెల్టు బిగువు, కార్బను బ్రష్షులు చూశాడు. పిదప రెగ్యులేటరు వద్ద 'ఎఫ్' తీగను విప్పి, ఇంజనును కొంచెం రేజ్ చేయించి, ఆ తీగ కొసను రెండు మూడు క్షణాలు ఇంజను ఇనుముకు ఆనించాడు. ముల్లు ఒక్కసారిగా ఛార్జి వైపు వాలింది. డైనమో నిక్షేపంగా ఉన్నట్లే కదా!

మరి కొత్త రెగ్యులేటరు ఎందుకు పనిచేయలేదు? ఈ జీపులో ఫీల్డు చుట్టకు ఎర్త్ రెగ్యులేటరు ద్వారానే అందాలి. ఆ రెగ్యులేటరుకు తన అడుగు రేకు, మరల నుంచి ఎర్త్ అందాలి. వాటి కింద దళసరిగా రంగు పట్టి ఉంది. పాత రెగ్యులేటరునూ కొత్తదాన్నీ అదే రంగు మీద బిగించారు! మరల చుట్టూ గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేసి బిగించగానే ఛార్జింగు వచ్చింది. ఖర్చు ఒక గరుకు కాగితం ముక్క.

ఇక్కడొక హెచ్చరిక చేయక తప్పదు. ఎఫ్ తీగను ఎర్తుకు ఆనించే ఈ పరీక్ష ఆ జీపులోని ఆటోలైట్ డైనమోకు చెల్లుతుంది. చేతులు మారిన జీపుల్లో లూకాస్ డైనమో బిగించినవీ ఉంటాయి. అక్కడ రెండు తీగలూ విప్పి, డైనమో మీది 'డి', 'ఎఫ్' కొసలను ఒకదానితో ఒకటి కలిపి చూడాలి. ఎర్తుకు ఆనిస్తే ఏమీ రాదు, మంచి డైనమోను చెడిందనుకుంటాము. తెలుగు పదాలకు గుణసంధి చేసే విద్యార్థి వ్యవహారమే ఇదీను. సూత్రం తప్పు కాదు, చోటు తప్పు.

ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్న బండిలో డైనమో తన మిగులు అయస్కాంతత్వాన్ని పోగొట్టుకొని మౌనం వహిస్తుంది. అదీ చావు కాదు. ఆటోలైట్ అయితే, ఇంజను ఆపి, రెగ్యులేటరు మీది బ్యాటరీ కొసనూ ఆర్మేచరు కొసనూ తీగముక్కతో ఒక్క క్షణం తాకిస్తే మళ్ళీ మేల్కొనే అవకాశం ఉంది. ఇంజను ఆపిన తరువాత కూడా ముల్లు డిస్ఛార్జి వైపు బాగా వాలి ఉంటే మాత్రం ఆలస్యం చేయక బ్యాటరీ తీగ విప్పాలి. కటౌటు అతుక్కుపోయి, బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారుతుండవచ్చు. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగ పీకి చూసే రోడ్డుపక్క పరీక్షను మాత్రం ఎవరినీ చేయనీయకండి. డైనమో ఉంటే బల్బులు మాడవచ్చు, ఆల్టర్నేటరైతే దాని డయోడ్లే పోవచ్చు.

ఆల్టర్నేటరుతో నాకు వైరం లేదు. నెమ్మదిగా తిరిగే ఇంజను మీద డైనమో ఇచ్చేది స్వల్పం. రాత్రిళ్ళు దీపాలతో తిరిగేవారు మార్చుకుంటే కాదనను. అయితే ఎనభై ఏళ్ళు పనిచేసిన వస్తువును రంగుపొర చేసిన నేరానికి బలిపెట్టడం అన్యాయం.

మావాడి జీపులో మరొక లోపం మిగిలే ఉంది. ఎవరో 12 వోల్టుల బండికి వాడే సన్నని బ్యాటరీ కేబుళ్ళు వేశారు. అదే పనికి 6 వోల్టులలో రెట్టింపు కరెంటు పారాలి కనుక సెల్ఫు కొట్టినప్పుడు అవి వేడెక్కుతున్నాయి. సంక్రాంతికి మారుస్తానంటున్నాడు.