డీసీఎం యుద్ధానికి పోయిందా?

దారి పక్క – బాటసారి

కండ్లకోయ జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి రోడ్డు దాటడమంటే సాహసమే. మేడ్చల్ చుట్టూ గోదాములు లేచాక సిటీలోకి పోయే సరుకులో సగం ఈ దారినే పోతున్నట్టుంటుంది. ముందు టాటా ఏస్‌లు, వాటిని తోసుకుంటూ బొలేరో పికప్‌లు, వెనకాల ఓపిగ్గా డీసీఎంలు. మొన్న టీ కొట్టు దగ్గర ఆగిన డ్రైవర్ని అడిగాను, డీసీఎం అంటే ఏమిటని.

"డీసీఎం అంటే డీసీఎమ్మే సార్. గిదే" అని తన బండి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. బండి మీద ఐషర్ అని రాసి ఉంది.

డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. అవును, బట్టల మిల్లే. 1980లలో ఆ మిల్లు వాళ్లు జపాన్ టయోటాతో చేతులు కలిపి డీసీఎం టయోటా పేరుతో తేలికపాటి లారీలు తయారు చేశారు. తర్వాత కంపెనీ చేతులు మారింది, ఆ బండ్లు తుక్కులో కలిశాయి. పేరు మాత్రం మన వైపు ఆ సైజు లారీ ప్రతిదానికీ అంటుకుపోయింది. బీరువా కొన్నా, గణపతిని తెచ్చినా, ఇల్లు మారినా మనకు డీసీఎమ్మే కావాలి.

ఈ బండ్ల మీద నాకు ధ్యాస మళ్లించింది యాప్రాల్‌లో ఉండే ఒక రిటైర్డ్ సుబేదార్ గారు. వాళ్ల నాన్నది గుంటూరు జిల్లా. రెండో ప్రపంచయుద్ధంలో పట్టాళంలో చేరి బర్మా వైపు వెళ్లొచ్చారు. పాత ఫొటోలో ఒక పొట్టి లారీ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు. "ఇది ఏ బండో కాస్త కనుక్కుని పెట్టండి. మనవళ్లు అడుగుతున్నారు, నాకు తెలీదని చెప్పడానికి నామోషీగా ఉంది" అన్నారు సుబేదార్ గారు. డిశ్చార్జి బుక్కు కూడా చూపించారు. ట్రేడు దగ్గర "డ్రైవర్, ఎం.టి." అని ఉంది. ఎం.టి. అంటే మెకానికల్ ట్రాన్స్‌పోర్ట్. కంచరగాడిదల కంపెనీలు కూడా ఉండేవి కాబట్టి ఆ తేడా రాయాల్సి వచ్చింది. ఏ లారీ నడిపారన్నది మాత్రం ఆ బుక్కులో ఎక్కడా లేదు.

ఫొటోలో పనికొచ్చే ఆనవాలు ఒక్కటే దొరికింది. బండి ముందు అద్దం. మామూలుగా అద్దం పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. ఇందులో ముందుకు వాలి ఉంది, డ్రైవర్ తల వంచి నేల చూస్తున్నట్టు. ఎండ అద్దం మీద పడి తళుక్కుమంటే పైన తిరిగే శత్రు విమానానికి బండి జాడ తెలిసిపోతుంది. అందుకని అలా వంచారు. ఆ అద్దం, ముక్కు కోసేసినట్టున్న ఆ పొట్టి బానెట్ కలిస్తే కెనడాలో తయారైన యుద్ధకాలపు లారీ. ఆ యుద్ధంలో కెనడా 8 లక్షలకు పైగా సైనిక వాహనాలు తయారు చేసింది. అందులో సగం దాకా ఈ నమూనావే. ఫోర్డూ షెవర్లే ఒకే కొలతకు, ఒకే పోలికతో చేశాయి. అందుకని ఫొటో చూసి ఫోర్డా షెవర్లేనా అని పందెం కాయలేను. మన దేశానికి విడిభాగాలుగా వచ్చినవాటిని ఇక్కడి ఫ్యాక్టరీల్లో బిగించేవారు. కొన్ని చట్రాల మీద టాటానగర్ ఉక్కు రేకులు తొడిగి కవచం బండ్లుగా కూడా మార్చారు.

వీటిలో చిన్న రకం పేరు సీ15, ఎఫ్15. ఆ 15 అంటే పదిహేను హండ్రెడ్‌వెయిట్లు, అది మోయాల్సిన బరువు. మన లెక్కలో 762 కిలోలు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని మీద వేసుకోవచ్చన్న బరువు ముప్పాతిక టన్ను, అంటే 750 కిలోలు. అరవై ఏళ్ల తేడాతో ఒకటి బర్మా బురదకు, ఇంకొకటి బేగంబజార్ సందులకు కొలత వేసి కుట్టిన చొక్కాలు. తేడా పన్నెండు కిలోలే. ఆ లెక్క కట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే ఇంట్లో నవ్వారు.

ట్యాంకు గురించి తెలుసుకోవాలంటే పుస్తకాలు కొల్లలు. యుద్ధనౌకకు పేరుంటుంది, విమానానికి నంబరుంటుంది. విశాఖ బీచ్‌లో కుర్సుర జలాంతర్గామి ఉంది, ఎదురుగా టీయూ-142 విమానం ఉంది, టికెట్ కొని లోపలికి వెళ్లి చూడొచ్చు. సరుకు బండికి ఇవేవీ లేవు. సైన్యంలో బండ్లకూ అంతస్తులున్నాయి. కవచం ఉన్నవి ఏ వెహికల్స్, మట్టి తవ్వే యంత్రాలు సీ వెహికల్స్. మధ్యలో బియ్యం, ఉత్తరాలు, తూటాలు, గాయపడ్డవాళ్లను మోసేవి బీ వెహికల్స్. రిపేరుకైతే అన్నీ ఒకే చోటికి రావాలి. తిరుమలగిరిలో మనం రోజూ దాటిపోయే ఈఎంఈ కాలేజీ ఆ విద్య నేర్పేదే. ఆ విభాగం పుట్టిందీ ఆ యుద్ధం మధ్యలోనే, 1943లో. కథలు రాసేటప్పుడు మాత్రం ఏ వెహికల్స్ దగ్గరే ఆగిపోతాం.

సైన్యం కోసం చేసిన లారీలు సైన్యానికి వెళ్లడంలో వింత లేదు. వింతల్లా ఊరి బండి యుద్ధానికి వెళ్లడం. 1914 సెప్టెంబరులో పారిస్ టాక్సీలు ఆరు వందల దాకా సిపాయిలను ఎక్కించుకుని మార్న్ వైపు వెళ్లాయి. మీటరు వేసుకుని మరీ వెళ్లాయంటారు! బ్రిటన్ వాళ్లు అంతకంటే ముందుచూపున్నవాళ్లు. యుద్ధానికి రెండు మూడేళ్ల ముందే, తాము చెప్పిన కొలతలకు సరిపోయే లారీ కొన్న వ్యాపారికి ఏటా కొంత సొమ్ము ఇచ్చారు. షరతు ఒకటే. పిలిస్తే బండి అప్పగించాలి. ఆ యుద్ధానికి లారీలు చేసిన కంపెనీల్లో స్కాట్లండ్‌ వారి ఆల్బియన్ ఒకటి. దాని మూడు టన్నుల లారీలు ఆరు వేల దాకా ఆ యుద్ధంలో తిరిగాయి. ఈ ఆల్బియన్ పేరు మన ఆర్టీసీ పాతకాపులకు కొత్త కాదు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు తెప్పించుకున్నవి ఆల్బియన్లే.

మన పల్లెలకు రెండో ప్రపంచయుద్ధం తుపాకీగా కన్నా పెట్రోలు కరువుగా ఎక్కువ తెలిసింది. 1941లో పెట్రోలుకు రేషను పెట్టాక బస్సుల వెనకాల బొగ్గు పొయ్యిలు కట్టుకున్నారు. బొగ్గు గ్యాసుతో నడిచే ఆ బస్సుల గురించి మా తాతయ్య చెప్పేవాడు. తెల్లారుజామున లేచి పొయ్యి రాజేస్తే ఎప్పటికో కదిలేదట. మిట్ట వస్తే జనం దిగి తోసేవారట. అటు 1939లో వచ్చిన డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం నిబంధనల కింద సర్కారు ఎవరి బండినైనా స్వాధీనం చేసుకోగలిగేది. యుద్ధం అయిపోయాక అంతా తలకిందులైంది. మిగిలిపోయిన మిలటరీ బండ్లను వేలం వేశారు. "డిస్పోజల్స్ లారీ" అనే మాట అప్పుడు పుట్టిందే. ఆ చట్రాల మీద చెక్క బాడీలు బిగించి బస్సులు నడిపారు, పొగాకు తోలారు, కలప మోశారు. అలాంటి బండి రంగు గీకితే పసుపు కింద నీలం, నీలం కింద పట్టాళం పచ్చ కనిపించేదని ముసలి మెకానిక్కులు చెబుతారు. పరిశోధన అంటే నా దృష్టిలో ఆ గీకుడే.

తెలంగాణలో లారీ అన్న మాటకు ఇంకో నీడ ఉంది. 1948లో పల్లెల మీదికి రజాకార్లు లారీల్లో దిగిన సంగతి ఆ తరం వాళ్లంతా చెప్పారు. దుమ్ము లేస్తే చాలు, జనం జొన్నచేలల్లోకి పరుగెత్తేవాళ్లు. ఆ సెప్టెంబరు 13న భారత సైన్యం బయల్దేరి, జహీరాబాద్ మీదుగా వచ్చి, 18 నాటికి పని ముగించింది. అప్పటికి మన దేశంలో మిలటరీ లారీ తయారు చేసే ఫ్యాక్టరీయే లేదు. శక్తిమాన్ లారీ రావడానికి ఇంకా పదేళ్లు పట్టింది. ఆ తర్వాత జబల్‌పూర్‌లో నిస్సాన్ నమూనాతో ఒక టన్ను బండి చేశారు. 1980లలో అదే నిస్సాన్‌తో కలిసి మన ఆల్విన్ వాళ్లు కాబ్‌స్టార్ అనే డెలివరీ లారీ చేశారు. ఎక్కడ? జహీరాబాద్‌లో. ఈ సంగతి చెబితే సుబేదార్ గారు పెద్దగా ఆశ్చర్యపోలేదు. "వన్ టన్ నేనూ నడిపాను. గేరు మార్చడానికి రెండు చేతులు కావాలి" అన్నారు, అంతే.

టయోటా కథ ఇంకా చిత్రం. 1950లో ఆ కంపెనీ దివాళా అంచున ఉంది. అంతలో కొరియా యుద్ధం వచ్చింది. అమెరికా సైన్యం 4,679 లారీలకు ఆర్డరిచ్చింది, టయోటా బతికి బట్టకట్టింది. 1987లో ఆఫ్రికాలో చాద్ దేశం వాళ్లు టయోటా పికప్‌ల వెనకాల క్షిపణులు బిగించి లిబియా ట్యాంకులను తరిమికొట్టారు. దానికి "టయోటా యుద్ధం" అనే పేరే స్థిరపడింది. అవి యుద్ధానికని చేసిన బండ్లు కావు, ఎడారిలో మామూలు మనుషులు సామాన్లు వేసుకునేవి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన రోడ్ల మీద డీసీఎం టయోటాలు సిమెంటు బస్తాలు మోస్తున్నాయి.

1965లో పంజాబ్ లారీ డ్రైవర్లు సరిహద్దు దాకా తూటాలు మోశారని దేశమంతా చెప్పుకుంది. చెప్పుకోవాలి కూడా. మన దగ్గరి డ్రైవర్ల సంగతి రాసి పెట్టినవాళ్లే అరుదు. ఈ శామీర్‌పేట, యాప్రాల్, సైనిక్‌పురి, అల్వాల్ కాలనీల్లో ఎంతమంది ఇళ్లల్లో ట్రంకు పెట్టె అడుగున "డ్రైవర్, ఎం.టి." అని రాసిన బుక్కులున్నాయో! దగ్గర్లోనే నల్సార్ ఉంది, బిట్స్ ఉంది. ఒక్క వేసవి సెలవులు చాలు, పిల్లలు ఇంటింటికీ తిరిగి ఆ పేజీలు ఫొటో తీసి, ముసలివాళ్ల మాట రికార్డు చేయడానికి. ఇందుకు గ్రాంటు అక్కర్లేదు, స్కూటీలో పెట్రోలు ఉంటే చాలు.

కండ్లకోయ డ్రైవర్‌తో ఇదంతా చెప్పాను. యుద్ధం మాట అతన్ని పెద్దగా కదిలించలేదు గానీ, సర్కారు బండి పట్టుకుపోవడం అనగానే చెవులు నిక్కబొడుచుకున్నాడు. ఎలక్షన్ డ్యూటీకని అతని బండిని మూడు రోజులు తీసుకుపోయారట. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 160వ సెక్షన్ అందుకే ఉందని, కిరాయి ఇవ్వాలని కూడా చట్టంలో ఉందని చెప్పాను. "ఇచ్చిన్రు సార్, గనీ ఎప్పుడిచ్చిన్రో అడుగకున్రి" అన్నాడు.

తర్వాతి ఆదివారం సుబేదార్ గారికి నా తీర్పు వినిపించాను. కెనడా లారీ, పదిహేను హండ్రెడ్‌వెయిట్, మోసే బరువు 762 కిలోలు. ఆయన ఫొటో వైపు చూసి నవ్వారు. "మా నాన్న ఒకటిన్నర టన్ను వేసేవాళ్లమని చెప్పేవారండీ."

ఆ మాట డ్రైవర్ చెవిన వేస్తే, అతను పక్కనే ఆగి ఉన్న టాటా ఏస్ చూపించాడు. వెనకాల టైర్లు సగం దిగబడి ఉన్నాయి.

"మరి గిదేం చేస్తుందనుకున్నరు సార్?"